ఏడుపు కావాలా, కోపం కావాలా?

చేసిన పాపం చెబితే పోతుందంటారు. నేను ఇప్పటికి ముగ్గురికి చెప్పాను. ముగ్గురి దగ్గరా తప్పును ఇంకొకడి మీదకి తోసేసే చెప్పాను, అందుకే అది ఎక్కడికీ పోలేదు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. విన్నాక మీరు నన్ను నాలుగు తిట్లు తిట్టినా నాకేం బాధ లేదు. నన్ను నేను తిట్టుకున్నదానిలో అవి ఓ మూలకి రావు.

నా పేరు మహీధర్. పలాసలో ఉంటాను. ఒక వార్తా చానెల్‌కి స్ట్రింగర్‌ని. అంటే ఇక్కడి చావులూ, తుఫానులూ, రాస్తారోకోలూ ఫోన్లో తీసి హైదరాబాదులో డెస్కు మీద కూర్చున్నవాళ్ళకి పంపేవాణ్ణి. చానెల్ పేరు చెప్పను. బొడ్డమ్మ ఊరి పేరు కూడా చెప్పను. వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఒక కొబ్బరి ఊరు అనుకోండి. ఆ ఊరి పేరు టీవీలో చెప్పి నేను వెలగబెట్టింది చాలు.

ఇది బొడ్డమ్మ కథ. నేను లేకుండా చెబుదామని చాలా ప్రయత్నించాను. కుదరలేదు. ఎక్కడ చూసినా మధ్యలో నేను దూరి ఉన్నాను, దరిద్రుణ్ణి.

బొడ్డమ్మకి అరవై దాటాయి. మందస దగ్గర పుట్టి, పదిహేనో ఏట ఈ ఊరికి కోడలిగా వచ్చింది. మనిషి పొట్టి, గొంతు పొడుగు. తోట ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర ఉన్న మొగుడు బదులు పలకాల్సిందే. ఆ మొగుడు గోవిందరావు నోట్లో నాలుక లేని మనిషి. ఆయన దగ్గర ఒక రేడియో ఉండేది. తోటలో జీడిచెట్టు కొమ్మకి తగిలించి పనిచేసుకునేవాడు. పంటల కార్యక్రమంలో ఎవరో పెద్దమనిషి కొబ్బరికి ఫలానా ఎరువు వేయండి అని చెబుతుంటే, ఈవిడ కింద నుంచి, "నువ్వొచ్చి ఎయ్యి, నాను సూత్తాను" అని కేక పెట్టేదట. రేడియో మీద ఆవిడకి ఎప్పుడూ ఒకటే ఫిర్యాదు. "అది సెప్తాది గానీ ఇనదు బావూ. టీవీ అలాక్కాదు. టీవీ ఇంటాది." ఈ మాట నాతో ఎన్నిసార్లు అందో. అన్నప్పుడల్లా నేను నవ్వి ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో చెబుతాను.

మొదటిసారి ఆమెని చూసింది 2018లో తిత్లీ తుఫాను వచ్చిన మూడో రోజు. ఉద్దానం అంటే మా ఈ కొబ్బరి, జీడితోటల ప్రాంతం. ఉద్దానం ఉద్దానమంతా కొబ్బరిచెట్లు ఒకే వైపుకి తల పెట్టి పడుకున్నాయి. కరెంటు లేదు, మోటార్లు లేవు, తాగడానికి చుక్క నీళ్ళు లేవు. నేను చానెల్ గుర్తు ఉన్న మైకు పట్టుకుని, పడిపోయిన చెట్టు మీద కూర్చున్న ఒకావిడ దగ్గరకి వెళ్ళి, "అమ్మా, ఈ నష్టం చూస్తుంటే మీకు ఎలా అనిపిస్తోంది?" అని అడిగాను. మా వృత్తిలో ఇంతకన్నా పనికిమాలిన ప్రశ్న లేదు. ఇంతకన్నా ఎక్కువసార్లు అడిగే ప్రశ్నా లేదు.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎలాగనిపిస్తాదేటి? ముప్పయ్యేల్లు పెంచిన సెట్టు ఇది. నా కొడుకు కంటే పెద్దది. మూడ్రోజులై గొంతు తడుపుకోడానికి నీల్లు లేవు, గొట్టం పట్టుకొని ఒచ్చినావు. ఆ గొట్టంలోంచి నీల్లొత్తాయేటి? రావు గదా! మరెందుకొచ్చినావు, పో!"

అంతే. ఆ పది సెకన్లు ఆ రోజంతా మా చానెల్‌లో తిరిగాయి. మర్నాడు పొద్దున్నే ఆ ఊరికి నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. నిజానికి ట్యాంకర్లు వెళ్ళే ఊళ్ళ జాబితాలో ఆ ఊరి పేరు ఆమె మాట టీవీలో రాకముందే ఉంది. ఆ జాబితా నా జేబులోనే ఉంది. అయినా నేను వెళ్ళి, "చూశావా అత్తా, నీ మాట విన్నారు" అన్నాను. గొప్ప కోసం అన్నాను. అత్తా అని వరస కూడా ఆ రోజే కలిపేశాను, ఆవిడ మాత్రం అందరినీ పిలిచినట్టే బావూ, అంటే బాబూ, అనేది. ఆమె బిందె కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, "నిజమేటి బావూ? అంత దూరం ఇనపడినాదా?" అంది. నిజమేనన్నాను.

ఆ తర్వాత ఆరేళ్ళపాటు నాకు ఉద్దానంలో ఏ వార్త కావాలన్నా బొడ్డమ్మే. జీడిపప్పు ధర పడిపోతే బొడ్డమ్మ. కొబ్బరాకుకి తెల్లదోమ పడితే బొడ్డమ్మ. రోడ్డు బాగోలేకపోతే, మూలపేటలో పోర్టు కడుతుంటే, ఎన్నికలొస్తే బొడ్డమ్మ. టీవీలో మనిషి చెప్పే ముక్కని మేం బైట్ అంటాం. ఆవిడ కూడా అలాగే అనేది. నా బండి చప్పుడు వినగానే చేతిలో పని పక్కన పెట్టి, "ఏటి బావూ, బైటేనా? ఏడుపు గావాలా, కోపం గావాలా?" అని అడిగేది. వీధంతా నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి.

ఆమెకి ఏడవడం నేర్పింది నేనే. గొంతు, మాట, ఆ తిట్లూ ఆమె సొంతం. ఏడుపు మాత్రం నాది. ఉద్దానంలో ఊరూరా ఉన్న కిడ్నీ జబ్బుతోనే గోవిందరావు పోయాక, 2021లో, ఆయన ఫొటో పట్టించి ఒక బైట్ తీశాను. మొదటిసారి ఆమె నోరు తెరవకముందే ఏడ్చేసింది. నేను ఫోన్ దించి పాఠం చెప్పాను. "అలా కాదత్తా. ముందు మావ పేరు చెప్పు. చెప్పి ఒక్క క్షణం ఆగు. అప్పుడు కళ్ళు తుడుచుకో. ముందే తుడుచుకుంటే అక్కడ కట్ చేసేస్తారు." మొగుడు పోయి నెల కూడా కాలేదు ఆవిడకి. బుద్ధిమంతురాలిలా తలూపింది. ఎండ మొహం మీద పడేలా గుమ్మం పక్కన గోడ దగ్గర నిలబెట్టాను. పేరు చెప్పింది. ఆగింది. తుడుచుకుంది. తర్వాత నేను చెప్పని మాట ఒకటి అంది. "ఆయన్ని తీసుకుపోనాది. నా కొడుక్కి గాని ఈ రోగం ఒచ్చిందంటే నాను బతకను. నుయ్యి సూసుకుంటాను." డెస్కు వాళ్ళు ఆ ముక్కని ఎన్నిసార్లు వాడుకున్నారో లెక్కలేదు. కిడ్నీ అనే మాట వస్తే చాలు, బొడ్డమ్మ నుయ్యి చూసుకుంటానంటూ తెర మీద ప్రత్యక్షమయ్యేది.

పలాస బస్సులో జనం జరిగి సీటిచ్చేవారట. "టీవీ బొడ్డమ్మ గదా నువ్వు?" అని అడిగితే, "మరెవులనుకున్నావు?" అనేదట. పోనీ పేరు కోసమే ఇదంతా అనుకుంటే పొరపాటు. ప్రతి బైట్ అయ్యాక ఒకటే అడిగేది. "ఇంటారా బావూ?" వింటారత్తా అనేవాణ్ణి. నరం లేని నాలుక. అనడానికి నాదేం పోయింది?

ఆమెకి ఒక్కడే కొడుకు, ఉమామహేష్. ముప్పయ్యారేళ్ళవాడు. తండ్రి పోలిక, మాట తక్కువ. కోడలు హేమలత. కిందటేడు వానాకాలం చివర్లో ఉమామహేష్‌కి మూలపేట పోర్టులో పని దొరికిందని బొడ్డమ్మ నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. వారానికి మూడు రోజులే డ్యూటీ. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, చీకటి పడే వేళకి వేలాడిపోతూ వస్తాడు. "పోర్టు పని మా గొప్ప పని గానీ, మనిసిని పీల్సేత్తన్నాది బావూ" అనేది.

ఈ మే నెలలో డెస్కు నుంచి ఫోన్. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద అరగంట కార్యక్రమం, ఆదివారం సాయంత్రం ఆరున్నరకి. డెస్కులో ఒకాయన అన్నాడు. "మహీ, మొహాలు కావాలి. పోయినసారి నువ్వు పంపిన మసక మొహాలు ఎవడు చూస్తాడు? పన్నెండు సెకన్లలో లేపేశాం." అది నిజమే. ఫిబ్రవరిలో రోగుల మొహాలు కనబడకుండా చేయించి ఒక వార్త పంపితే దాన్ని కత్తిరించి పారేశారు. అరగంట కార్యక్రమంలో నా పేరు తెర మీద పడుతుందంటే నాకు ఒళ్ళు తెలియలేదు.

శుక్రవారం పొద్దున్న ముందుగా బొడ్డమ్మ తోటకి వెళ్ళాను. "ఏడుపా, కోపమా?" అంది. రెండూ అన్నాను. ఒక్క దెబ్బకి చెప్పేసింది. "మా ఇంటిలోంచి ఒకల్ని తీసుకుపోనాది. ఇక సాలు. ఇంకో తల్లికి ఈ కడుపుకోత ఒద్దు." అయ్యాక లేత బొండాం ఒకటి కొట్టి చేతిలో పెట్టింది. "తాగు బావూ, నువ్వైనా తాగు. మావోడు ముట్టడు. కొబ్బరితోటలో పుట్టినోడు బొండాం తాగనంటాడు, సూడు! గేసంట. పోర్టులో సేరిన కాడినుంచీ ఆడికి అన్నీ గేసే. నీల్లు కూడా గుక్కెడే. ఎండల్లో నిండు సేతుల సొక్కా ఒకటి, దొరలాగ." నేను బొండాం పూర్తిగా తాగి, "పోర్టు ఆఫీసరై పోయాడత్తా నీ కొడుకు" అని వేళాకోళమాడి బయల్దేరాను.

మధ్యాహ్నానికి టెక్కలి చేరాను. అక్కడ డయాలసిస్ చేసే చోట లోపలికి రానిచ్చిన మనిషి ఒకే ఒక్క షరతు పెట్టాడు, మొహాలు చూపించొద్దని. అలాగేనన్నాను. యంత్రాలు తీశాను, గొట్టాల్లో రక్తం తిరగడం తీశాను. ఆరో మంచం దగ్గరకి వచ్చేసరికి ఎవరో "బావా" అన్నారు.

ఉమామహేష్. నిండు చేతుల చొక్కా ఒక చేయి మోచేతి పైకి మడిచి ఉంది. ఆ చేతి నరం తాడులా ఉబ్బి ఉంది, దానిలో రెండు సూదులు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు బొండాం తాగకూడదు, నీళ్ళు కూడా కొలిచే తాగాలి; పొద్దున్న బొడ్డమ్మ చెప్పిన గేసు సంగతి అప్పుడు అర్థమయింది.

"ఎన్నాళ్ళయింది రా?" అన్నాను.

"తొమ్మిది నెల్లు."

"మరి పోర్టు?"

"పోర్టు గేటు కూడా సూడలేదు బావా నాను. పలాసలో అయితే ఊరోల్లు కనిపిత్తారని ఇంత దూరం ఒత్తన్నాను. హేమకి తెలుసు. అమ్మకి తెల్దు." నవ్వినట్టుగా అన్నాడు. "తెలిస్తే బతకనని టీవీలో సెప్పినాది గదా. నువ్వే గదా తీసినావు."

నేను మంచానికి ఇంకొంచెం దగ్గరగా జరిగాను.

"మొగం పడనీకు బావా. నీకు దండం ఎడతాను. ఆవిడ మాటంటే మాటే. నూతిలోకి దూకినా దూకుతాది."

నేను అతని తల మీద చెయ్యి వేశాను. మా వైపు తల మీద చెయ్యి వేసి ఒట్టేసి తప్పితే, ఆ తల ఎవరిదో వాళ్ళకే కీడు జరుగుతుందంటారు. నమ్మినా నమ్మకపోయినా ఎవరూ ఆ పని సరదాకి చెయ్యరు. నేను చేశాను. "నీ మీద ఒట్టు ఉమా. నీ మొహం ఎవరికీ కనపడదు." అప్పటికి ఆ మాట నిజంగానే అన్నాను. ఇది మాత్రం నమ్మండి. నమ్మకపోయినా సరే.

అతను ఊపిరి పీల్చుకుని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. వెలుగు సగం మొహం మీద పడింది. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. నా చేతిలో ఫోన్ ఇంకా నడుస్తోంది. నేను యంత్రం తీస్తున్నట్టుగా కొంచెం, కొంచెమే, పక్కకి జరిపాను. పన్నెండేళ్ళ నా ఉద్యోగంలో అంత మంచి షాట్ నేను తియ్యలేదు.

టెక్కలి బస్టాండు పక్కన టీకొట్లో కూర్చుని పంపించాను. ముందు సందేశం టైపు చేశాను: "ఆరో మంచం మనిషి ముఖం బ్లర్ చెయ్యాలి, తప్పనిసరి." పంపే బటన్ మీద వేలు పెట్టి ఆగాను. మసక మొహాలు ఎవడు చూస్తాడు మహీ. ఆ మాట చెవిలో మోగుతోంది. అదీగాక, రెండు సెకన్లే కదా, మొహం పక్కకి తిరిగి ఉంది కదా, బొడ్డమ్మ తనని తాను చూసుకుంటుంది గానీ మిగతాది ఎక్కడ చూస్తుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. టైపు చేసిన అక్షరాలు ఒక్కొక్కటే చెరిపేశాను. టీ తాగాను. టీ బాగుంది కూడా. ఇదీ నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది.

ఆదివారం మధ్యాహ్నం బొడ్డమ్మ ఫోన్. "బావూ, సేపల పులుసు ఎట్టినాను. సాయంత్రం రా, అందరం కలిసి సూద్దుం." పులుసు వద్దు, పని ఉంది అనొచ్చు. వెళితే ఏదో సాకుతో టీవీ ఆపొచ్చు అనుకుని వెళ్ళానని కొన్నాళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. అసలు సంగతి అది కాదు. నేను తీసినవి అరగంటసేపు రావడం, నా పేరు పడడం నలుగురి మధ్యా కూర్చుని చూడాలనిపించింది. ఛీ!

బొడ్డమ్మ బైట్ వచ్చే రోజు ఆ వీధికి పండగ. టీవీని ఎత్తి అరుగు మీదకి తెచ్చి వీధి వైపు తిప్పుతుంది. వీధిలో చాపలు, ఉడకబెట్టిన వేరుశనగ కాయలు. ముందు వరసలో ఎదురింటి సన్యాసమ్మ, ఆవిడకి చూపు తక్కువ. బొడ్డమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. హేమలత గుమ్మంలో ఉంది. ఉమామహేష్ అరుగు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు, నిండు చేతుల చొక్కాతో. నన్ను చూసి తలూపాడు. నేను చెప్పిన మాట మీద అంత నమ్మకం అతనికి.

కార్యక్రమం మొదలయింది. ఎవరో గంభీరమైన గొంతుతో ఉద్దానం, కన్నీళ్ళు, శాపం అంటూ ఏదో చదివాడు. బొడ్డమ్మ తెర మీదకి రాగానే వీధంతా చప్పట్లు. "అగో, అగో, మన బొడ్డమ్మ!" అని సన్యాసమ్మ మోకాళ్ళ మీద లేచింది. "ఉండండర్రా, ఇననీండి!" అని బొడ్డమ్మ కసిరింది.

తెర మీది బొడ్డమ్మ, "మా ఇంటిలోంచి ఒకల్ని తీసుకుపోనాది" అంది. అక్కడ బొమ్మ మారింది. గొంతు ఆమెదే, బొమ్మ టెక్కలిది. యంత్రం. గొట్టం. సూదులు గుచ్చిన చెయ్యి. ఆ చేతి మీద నుంచి కెమెరా మెల్లగా పైకి వెళ్ళి కిటికీ వెలుగులో ఉన్న మొహం దగ్గర ఆగింది. "ఇక సాలు" అంది బొడ్డమ్మ గొంతు. "ఇంకో తల్లికి ఈ కడుపుకోత ఒద్దు." డెస్కులో కూర్చుని వీటిని అతికించినవాడికి వాళ్ళిద్దరూ తల్లీ కొడుకులని తెలియదు. బాగా కుదిరిందనుకుని ఉంటాడు.

"ఓలమ్మ, ఈ గుంటడు అచ్చం మన ఉమామయేసులాగున్నాడే" అంది సన్యాసమ్మ.

వేరుశనగ కాయలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది. బొడ్డమ్మ కేక పెడుతుందని, నూతి వైపు పరుగెత్తుతుందని నేను సగం లేచాను. ఆమె మెల్లగా పీట మీద నుంచి లేచింది. కొడుకు దగ్గరకి వెళ్ళింది. చొక్కా చేతి గుండీ విప్పింది. చిన్నపిల్లాడికి స్నానం చేయించేముందు మడిచినట్టు చేతిని పైకి మడుచుకుంటూ పోయింది. ఉమామహేష్ ఆపలేదు, చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఉబ్బిన నరం కనిపించాక దాని మీద బొటనవేలు పెట్టి చూసింది. లోపల రక్తం గుర్రుమని కదులుతుంది దానిలో, తాకితే తెలుస్తుంది.

"పోర్టు ఇదేనేట్రా?" అంది.

టీవీలో సబ్బు ప్రకటన వస్తోంది. హేమలత వెళ్ళి ఆపేసింది. జనం చాపలు చుట్టుకుని ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు, ఎవరి మొహం ఎవరూ చూసుకోకుండా. నేను కూడా లేచాను. ఉమామహేష్ నా వైపు ఒక్కసారి చూశాడు. హేమలత మాత్రం, "మీరు ఎల్లండి, అన్నయ్యా" అంది. పొయ్యి మీద పులుసు వాసన వీధి మలుపు దాకా వచ్చింది.

మర్నాడు ఉమామహేష్‌కి ఫోన్ చేశాను. "డెస్కు వాళ్ళు తప్పు చేశారు ఉమా. నేను బ్లర్ చెయ్యమని రాసే పంపాను." అతను, "సర్లే బావా, ఆళ్ళకేటి తెలుస్తాది మన సంగతి. నువ్వేటి సేత్తావు" అన్నాడు. నమ్మేశాడు. హేమలతకీ అదే చెప్పాను. ఇంట్లో మా ఆవిడ ధరణికీ అదే చెప్పాను. ధరణి, "ఎంత పాపం చేశారండీ ఆ డెస్కు వాళ్ళు!" అని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నేను అన్నం కలుపుకుంటూ అవునన్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళంటే ఎవరో అనుకునేవాణ్ణి.

ఇరవై రోజులు ఆ ఊరి వైపు వెళ్ళలేదు. ఇరవై ఒకటో రోజు వెళ్ళాను. నిజం చెప్పేసి, ఆవిడ చెప్పు తీసి కొడితే కొట్టించుకుని వద్దామని దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. పది గంటల వేళ. బొడ్డమ్మ పెరట్లో నేలలో పాతిన గునపానికి కాయలు గుచ్చి పీచు ఒలుస్తోంది. వసారాలో మంచం మీద ఉమామహేష్ పడుకుని ఉన్నాడు, ముందురోజు టెక్కలి వెళ్ళొచ్చాడట. మంచం పక్కన స్టూలు మీద చిన్న గ్లాసు, దానికి సగం దాకా నీళ్ళు. రోజుకి ఎన్ని గ్లాసులో ఇప్పుడు ఆమే కొలిచి పోస్తోందట.

"రా బావూ, కూకో" అంది. తిట్టలేదు. తిడుతుందని ఎంత ఆశపడ్డానో అప్పుడు తెలిసింది.

"అత్తా, ఆ రోజు..."

"ఆఫీసోల్లు సేసినారంట గదా. మావోడు సెప్పినాడు." మరో కాయ గుచ్చింది. "ఒక్క మాట సెప్తాను, ఏటనుకోకు. ఆడు సెప్పిన అబద్దంలో నాను తొమ్మిది నెల్లు సుకంగా నిద్దరోయినాను. అది కూడా ఆడు నాకు ఎట్టిన కూడే అనుకుంతన్నాను."

ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను. "అత్తా, ఆఫీసు వాళ్ళు కాదు..."

"ఫోను తెచ్చినావా?" అంది, నా మాట వినిపించుకోకుండా. నా జేబులో ఉండడం తనే చూసింది. "ఉండు. ఇప్పుడే ఒత్తాను."

లోపలికి వెళ్ళింది. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. వచ్చి గుమ్మం పక్కన గోడ దగ్గర నిలబడింది. నేను ఎప్పుడూ నిలబెట్టే చోటే. ఎండ మొహం మీద పడుతోందో లేదో తానే చూసుకుని అరడుగు ఇటు జరిగింది.

"ఇదేంటత్తా?"

"కిడ్నీ మారిస్తే ఇంకా శానా ఏల్లు ఉంటాడంట బావూ. నాది తీసుకోండ్రా అంటే, సుగరుంది, పనికిరాదన్నారు. హేమది కుదర్లేదు. టీవీలో సెప్తే ఎవులో ఒకలు ఇంటారు, దారి సూపిత్తారు. తుపానప్పుడు నీల్ల బండి ఒచ్చినాది గదా? నాను సెప్తేనే గదా ఒచ్చినాది? నువ్వే గదా అన్నావు."

ట్యాంకర్ల జాబితా. నా జేబులో ఉన్న జాబితా. ఆరేళ్ళ కిందటి ఆ ఒక్క మాట మీద ఆవిడ ఇప్పుడు కొడుకు ప్రాణం పెట్టింది.

"ఇన్నాల్లూ నీకోసం ఏడిసినాను" అంది. "ఇయ్యాల నాకోసం ఏడుత్తాను. పట్టు."

నేను ఫోన్ తీసి పట్టుకున్నాను. బటన్ నొక్కాను.

"నా పేరు బొడ్డమ్మ" అంది. "నా కొడుకు పేరు ఉమామహేష్."

పేరు చెప్పి, నేను నేర్పినట్టే, ఒక్క క్షణం ఆగింది.

ఆ క్షణం అయిపోయింది. ఇంకోటి కూడా అయిపోయింది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. పెదవులు కదిలాయి, గొంతు కదల్లేదు. తోట ఆ చివరికి వినబడే గొంతు అది. కొంగు చివర చేతిలో పట్టుకుని ఉంది, తుడుచుకోడానికి అక్కడ ఏమీ లేదు. తర్వాత ఏం చెయ్యాలో చెప్పమన్నట్టు నా వైపు చూసింది. ఎప్పుడూ నేనే కదా చెప్పేది.

వసారాలోంచి ఉమామహేష్, "అమ్మా, లోపలికొచ్చీ. ఒద్దులే" అన్నాడు.

బొడ్డమ్మ కొంగు వదిలేసింది. రెండడుగులు నా దగ్గరకి వచ్చి, ఏదో తప్పు చేసినదానిలా గొంతు తగ్గించింది. ఆరేళ్ళలో ఆమె గొంతు తగ్గించడం నేను వినలేదు.

"ఎందుకో రాలేదు బావూ. నీ టైము పాడు సేసీసినాను, ఏటనుకోకు. రేపు రా. రేపు బాగా ఏడుత్తాను."

"సరే అత్తా" అన్నాను. చెప్పాలనుకున్నవన్నీ ఉండగా నా నోటికి అదే వచ్చింది.